మిర్చి గోతాల్లో మడ గింజలు

మా జిల్లాకు ఇప్పుడు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల విడిగా జిల్లా అయినప్పుడు సూర్యలంక, నిజాంపట్నం, రేపల్లె అన్నీ అటు వెళ్లిపోయాయి. ఇప్పటి గుంటూరు జిల్లా పటం చూస్తే నాలుగు వైపులా నేలే. మేం బళ్లో పటం గీసేటప్పుడు కింద కుడి మూలన నీలం పెన్సిల్‌తో అలలు గీసి, పక్కన 'బంగాళాఖాతము' అని వంకరగా రాసేవాళ్లం. మొన్న మా తమ్ముడి కూతురు హోంవర్కు కోసం జిల్లా పటం గీస్తుంటే ఆ మూల ఉత్తగా ఉంది. అక్కడ ఏముండేదో దానికి చెబుదామని నోటి దాకా వచ్చింది. చెబితే రాత్రి దాకా అవ్వదు. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

మా ఇల్లు గుంటూరు కొత్తపేటలో. నాన్నది పాత గోతాల వ్యాపారం. మిర్చి వ్యాపారులు వాడి పారేసిన గోతాలు కొని, దులిపించి, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్మేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్లు దబ్బనాలు, పురికొస పట్టుకుని పొద్దస్తమానం కుడుతూ ఉండేవాళ్లు. పుట్టినప్పటి నుంచీ అదే గాలి కాబట్టి మిరప ఘాటుకి మా ఇంట్లో ఎవరికీ తుమ్ము రాదు. చుట్టాలు మాత్రం గుమ్మంలోనే మొదలుపెట్టేవాళ్లు. "శకునం బాలేదు, కాసేపు కూర్చుని లోపలికి రండి" అని నాన్న ప్రతిసారీ అదే జోకు.

అలాంటి ఇంటికి సముద్రంతో సంబంధం మా బాబాయ్ వల్ల కలిగింది, అదీ చెడుగా. తొంభైల మొదట్లో తీరం వెంబడి ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే. డాక్టర్లు, ప్లీడర్లు, గోతాల వాళ్లు, ఎవరి దగ్గర నాలుగు రూపాయలున్నా అక్కడికే పట్టుకెళ్లారు. బాబాయ్ కూడా నిజాంపట్నం వైపు ఇద్దరితో కలిసి వాటా పెట్టాడు. మొదటి పంటకి స్కూటర్ కొన్నాడు. తర్వాత వైట్ స్పాట్ వచ్చింది. రొయ్య డొప్ప మీద తెల్లమచ్చలు కనిపించాక చెరువంతా తేలిపోవడానికి వారం కూడా పట్టదు. స్కూటర్ అమ్మేశాడు. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు చెరువులు తీసెయ్యమని తీర్పు చెప్పినప్పుడు పేపర్ చూసి "మనది కోర్టు దాకా పోకుండానే పోయింది" అన్నాడు. ఆ చెరువు తవ్వడానికి ముందు ఆ చోట ఏముండేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

1999 అక్టోబర్ 29న ఒడిశాలో పెను తుపాను వచ్చింది. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు, ఎన్నెస్సెస్‌లో ఉన్నాను. మడ అడవులున్న ఊళ్లు తట్టుకున్నాయని, కొట్టేసిన చోట ఉప్పెన నేరుగా ఇళ్లమీదికి వచ్చిందని పేపర్లలో రాసేవాళ్లు. మా బోటనీ మాస్టారు ఆ కటింగులు నోటీసు బోర్డుకి అంటించి, కింద "మన తీరంలో మడ నాటుదాం, పేర్లివ్వండి" అని రాశారు. ఇరవై రెండు మందిమి ఇచ్చాం. గింజలు మోయడానికి సంచులు కావాలన్నారు. గోతాలు మా ఇంట్లో లేకపోతే ఇంకెక్కడుంటాయి?

నాన్న ఉచితంగా నలభై గోతాలు ఇచ్చాడు. ఉచితం కాబట్టి దులపనివి ఇచ్చాడు.

తెల్లారకముందే గుంటూరులో బయల్దేరి, తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాం. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు దాటేసరికి పెట్టెలో సగం మంది తుమ్ముతున్నారు. రేపల్లెలో దిగి నిజాంపట్నం బస్సు. అక్కడి నుంచి ట్రాక్టర్. ఆ తర్వాత నడక. నేల రంగు మారుతూ వచ్చింది. మాగాణి నలుపు పోయి బూడిద, బూడిద పోయి అక్కడక్కడా తెలుపు. చెట్టు కానీ పుట్ట కానీ లేని ఆ మైదానాన్ని అక్కడివాళ్లు పర్ర అంటారు. పర్రకి అవతల, కాలువల అంచున, ముదురాకుపచ్చ గోడలాగా మడ.

అడవంటే పెద్ద పెద్ద మానులు ఊహించుకున్న నాకు మడ చూస్తే నిరాశే. నా మీద ఒక మూరెడు ఎత్తు, ఎక్కువైతే రెండు నిలువులు. కానీ లోపలికి దిగాక తెలిసింది. మోకాలి దాకా ఒండ్రు. ఆ ఒండ్రులోంచి వేల కొద్దీ పెన్సిళ్లు తలకిందులుగా గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి ఈ చెట్లు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటాయని మాస్టారు చెబుతున్నారు. ఆయన చెబుతుండగానే నా చెప్పు ఒకటి కిందికి పోయింది. ఇప్పటికీ అక్కడే ఎక్కడో ఉంటుంది.

ఆ ఊళ్లో పీతలు పట్టే మామ్మని అక్కడే మొదటిసారి చూశాను. చీర మోకాళ్ల పైకి దోపుకుని, నడుముకి బుట్ట కట్టుకుని, పీతల బొరియలో భుజం దాకా చెయ్యి పెట్టి ఉంది. నన్ను చూసి, "ఆగమాక అమ్మాయ్! ఆగితే దిగిపోతావ్. నడుస్తానే ఉండు" అని అరిచింది. ఊతం కోసం ఒక కొమ్మ పట్టుకోబోతే మళ్లీ అరుపు: "అది తిల్ల చెట్టు, విరవమాక! పాలు కంట్లో పడితే చూపు పోద్ది!" పది నిమిషాల్లో ఆవిడ నన్ను నాలుగుసార్లు తిట్టింది. ఐదోసారి తన చెయ్యి ఇచ్చింది. ఆ చేతికి పీతలు కొరికిన గాట్లు ఎన్ని ఉన్నాయో!

తెల్లమడ గింజలు ఏరడం తేలికే. చిక్కుడు గింజని నొక్కి వెడల్పు చేసినట్టుంటాయి. చెట్టు మీద ఉండగానే లోపల మొలక తయారై ఉంటుంది. నీళ్లలో పడితే పైతొక్క ఊడిపోయి ఆకుపచ్చటి రెండు పప్పులు విచ్చుకుంటాయి. ఎండకూడదని గోతాలు తడిపి అందులో పోశాం. తడిసిన మిర్చి గోతాలు! గంటలో అందరి చేతులూ మండడం మొదలైంది. కళ్లు తుడుచుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పడవల దగ్గరున్న మగవాళ్లు వలలు వదిలేసి మరీ మమ్మల్ని చూసి నవ్వారు.

నాటింది ఎక్కడ? ఇక్కడ నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. పర్రలో. చదునుగా, ఖాళీగా, ట్రాక్టర్ దారికి దగ్గరగా ఉంది. బ్యానర్ కట్టడానికి, ఫోటో తీయడానికి వీలుగా ఉంది. తాడు పట్టుకుని వరసలు గీసి, వరి నాటినట్టు గింజలు గుచ్చాం. మామ్మ గట్టు మీద నిలబడి, "అక్కడ గడ్డి కూడా మొలవదు నాయనా, చెట్లు ఏస్తున్నారా?" అంది. ఎవరో నవ్వి ఊరుకున్నారు. సాయంత్రం ఆవిడే అందరికీ వండి పెట్టింది. మండపీతల పులుసు. నేను తిననన్నాను. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు.

"పీత తినవా? చేప?"

"తినను మామ్మా."

"రొయ్య?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ గరిటె పట్టుకుని నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "మరి మడ నీకెందుకే?"

ఇరవై ఒక్క మంది నవ్వారు. నాకు జవాబు తోచలేదు. గుంటూరు వెళ్లాక, రాత్రి పడుకున్నాక కూడా తోచలేదు.

ఏప్రిల్‌లో చూడటానికి వెళ్లాం. వెయ్యికి ఒక్కటి కూడా లేదు. పుల్లలు కూడా లేవు. పర్ర నిండా తెల్లటి పెచ్చు. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టిన పళ్లెం అంచున పేరుకుంటుంది చూడండి, అదీ ఆ ఉప్పు. "మీ గుంటూరు మిర్చి ఘాటుకే చచ్చినయ్" అని ఒక బాబాయ్ అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. టోపీ తీసి, మామ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, "ఎందుకు చచ్చాయమ్మా, చెప్పండి" అని అడిగారు. పీజీ చేసి, పాతికేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఆ అడగడం చూసినందుకైనా ఆ ప్రయాణం నాకు గిట్టుబాటే.

"నీళ్లు వస్తయ్. పోవు. పోని నీళ్లే చంపుతయ్," అంది మామ్మ.

ఆవిడ ఒక్క ముక్కలో చెప్పినదాన్ని తర్వాత అటవీశాఖ ఉద్యోగి ఒకాయన విడమరిచి చెప్పాడు. ఒకప్పుడు అక్కడా మడే ఉండేది. వంటచెరుకు కోసం, కలప కోసం ఒకేసారి నరికేశారు. నీడ పోయి ఎండ తగిలేసరికి ఒండ్రు ఆరి కిందికి కుంగింది, నేల మూకుడులాగా అయింది. అమావాస్యకి, పౌర్ణమికి పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు గట్టు దాటి అందులో పడతాయి. పాటు తీసినప్పుడు బయటికి పోవడానికి దారి లేదు. ఎండకి నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ఏడాదికేడాది అదే. మడకి ఉప్పు ఇష్టమని మనం అనుకుంటాం. ఇష్టమేం కాదు, తట్టుకుంటుంది, అంతే. తెల్లమడ ఆకు నాకి చూస్తే ఉప్పగా ఉంటుంది, తాగిన ఉప్పుని ఆకుల మీంచి బయటికి తోసేస్తుంది. దానికీ ఒక హద్దు ఉంది.

అయితే ఏం చెయ్యాలి? భోజనాల దగ్గర ఆయన చేప తినేసి, ముల్లు విస్తరాకు మీద చాపి చూపించాడు. నడుమన వెన్నుముల్లు, అది పెద్ద కాలువ, ఏటిలో కలుస్తుంది. అటూ ఇటూ ఏటవాలుగా సన్నముళ్లు, అవి పిల్లకాలువలు. పోటుకి నీళ్లు సన్నముళ్ల చివరి దాకా పోవాలి, పాటుకి మొత్తం తిరిగి రావాలి. రోజూ కడిగితే ఉప్పు దిగుతుంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు కృష్ణా, గోదావరి మడల్లో ఆ రోజుల్లో ఇదే పద్ధతిలో ఊరివాళ్లతో కలిసి పని చేస్తున్నారు. చేప తినని నేను ఆ ముల్లుని నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది.

2001 ఫిబ్రవరి నుంచి తవ్వకం. పని ఊరివాళ్లది, కూలి వాళ్ల సమితి ద్వారా. మేం ఆదివారాలు వెళ్లి చేతి సాయం చేసేవాళ్లం. నిజానికి సాయం కంటే అడ్డమే ఎక్కువ. పలుగు దిగదు, దిగితే రాదు. కాలువ గోడలు నిట్టనిలువుగా తీస్తే తెల్లారేసరికి కూలిపోతాయి, పైన వెడల్పుగా, అడుగున సన్నగా వాలుగా తియ్యాలి. పైగా పని గడియారం ప్రకారం నడవదు. పోటు ఎప్పుడొస్తుందో ఆ లోపల బయటికి రావాలి. అమావాస్య ఏ రోజో తెలియకుండా ఒకసారి వెళ్లి, రోజంతా గట్టు మీద కూర్చుని తిరిగొచ్చాం. ఆ తర్వాత నుంచి మా కాలేజీ ఎన్నెస్సెస్ గదిలో పంచాంగం వేలాడింది.

మామ్మ 1977 నవంబర్ 19 గురించి చెప్పింది అలాంటి ఒక ఖాళీ మధ్యాహ్నమే. నేను అడగలేదు. కాలువ గట్టున కూర్చుని పీతల కాళ్లకి తాడు చుడుతూ తనే మొదలుపెట్టింది. దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని మనం లెక్కగా చదువుకుంటాం. ఆవిడకి అది లెక్క కాదు, చెల్లెలు. చెల్లెల్ని ఏటి అవతలి ఊరికి ఇచ్చారు. "వాళ్లూరికి ముందర ఏం లేదు, ఇసకే. మాకు మడ ఉంది. నీళ్లు మాకూ వచ్చినయ్, ఇంట్లోకే వచ్చినయ్. కానీ నడిచొచ్చినయ్. వాళ్లకి పరిగెత్తుకుంటా వచ్చినయ్." అంత వరకే చెప్పింది. తాడు చుట్టడం ఆపలేదు.

తాబేళ్ల సంగతి కూడా ఆ శీతాకాలానిదే, కొంచెమే చెబుతాను. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్క గుంటలో వంద, ఆ పైన. నక్కలు, కుక్కలు తవ్వి తినేస్తాయని రాత్రుళ్లు ఒడ్డు వెంట నడిచి, గుడ్లు ఏరి, కంచె వేసిన ఇసకలో మళ్లీ పూడ్చేవాళ్లు. దాదాపు యాభై రోజులకి పిల్లలొస్తాయి. ఆడపిల్లల్ని రాత్రి ఉండనివ్వరని మా అమ్మ ఒప్పుకోలేదు. రెండుసార్లు మాత్రమే వెళ్లాను, అదీ మామ్మ ఇంట్లో పడుకుంటానని చెప్పి. తాబేలు పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి కాబట్టి టార్చి వెయ్యకూడదు. ఆ చీకట్లో నా పాదం మీంచి ఏదో చిన్నది, చల్లగా, తొందర తొందరగా పాక్కుంటూ పోయింది. చూడలేదు, తగిలింది, అంతే.

వానలు వెనకపట్టాక మళ్లీ గింజలు ఏరాం. ఈసారి నాన్నని బతిమాలి గోతాలు రెండుసార్లు ఉతికించాను. అయినా తుమ్ములు ఆగలేదు. కాలువ అడుగున కాదు, గట్టు పైనా కాదు, వాలులో నడుమన నాటాలి, పోటు నీళ్లు తాకి వెళ్లే చోట. వరసల్లేవు, బ్యానర్ లేదు. ఫోటో కూడా లేదు, అందుకే ఇక్కడ పెట్టడానికి నా దగ్గర ఒక్కటీ లేదు. తర్వాతి ఎండాకాలం నాకు డిగ్రీ పరీక్షలు ఎప్పుడో అయిపోయి, పెళ్లి సంబంధాలు వస్తున్నాయి. ఒక పెళ్లిచూపులు వాయిదా వేయించి మరీ వెళ్లాను. మొక్కలు జానెడున్నాయి, నాలుగేసి ఆకులు. అన్నీ లేవు కానీ చాలా ఉన్నాయి. గొర్రెలు, గేదెలు మెయ్యకుండా ఊళ్లో పిల్లలు వంతులు వేసుకుని కాపలా కాస్తున్నారు. ఆ రోజు మామ్మ నాకోసం విడిగా వండింది. మడ పక్కన చవిటి నేలలో పాకే ఇలకూర అని ఉంటుంది, సన్నటి గుండ్రటి ఆకులు. ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి పప్పులో వేసింది. ఉప్పు డబ్బా కోసం నేను చెయ్యి చాపితే చేతి మీద కొట్టింది. "ఉప్పెయ్యకూడదే దాంట్లో. అదే తెచ్చుకుద్ది." నా ముద్ద చూస్తూ, "ఇదుగో, నీక్కూడా దొరికింది మడలో" అంది.

పెళ్లయి హైదరాబాద్ వెళ్లిపోయాను. 2004లో సునామీ వచ్చినప్పుడు నిజాంపట్నం ఎస్టీడీ బూత్‌కి ఎన్నిసార్లు చేశానో! రెండో రోజుకి లైన్ కలిసి, మామ్మ బాగానే ఉందని చెప్పారు. మేం నాటిన మొక్కలే ఆపాయని తర్వాత మా పాత బ్యాచ్‌లో ఒకడు అందరికీ చెబుతూ తిరిగాడు. నమ్మకండి. అవి అప్పటికి నా నడుము దాకా కూడా లేవు.

మళ్లీ వెళ్లడానికి 2023 సంక్రాంతి అయింది. సిగ్గుపడాల్సినంత ఆలస్యం. మామ్మ లేదు. మనవడు బీటెక్ చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ మధ్యలో ఇంజన్ పడవ నడుపుతున్నాడు. మామ్మ తెలుసని చెప్పానే కానీ ఎలా తెలుసో చెప్పలేదు. చెబుదామనుకునేలోపు ఇంజన్ మోతలో మాట కలవలేదు. రెండు పక్కలా మడ. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియనంతగా కొమ్మలు కలిసిపోయాయి. ఒండ్రు మీద పిల్లి అడుగుల్లాంటివి చూపించి "బావురు పిల్లండీ, రాత్రి చేపలకొచ్చింది" అన్నాడు. మేం తవ్వింది ఏది, తనంత తాను పెరిగింది ఏది, నాకు అర్థం కాలేదు.

ఒక మలుపు దగ్గర ఇంజన్ ఆపి, "దీన్ని మిరపకాయల మడ అంటారండీ" అన్నాడు.

"ఎందుకు బాబూ?"

"ఎప్పుడో ఇక్కడ మిరప పండించేవాళ్లంటండీ, మా నాన్న చెప్పేవాడు."

ఉప్పు పర్రలో మిరప! నాకు నవ్వు ఆగలేదు, ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. కారణం చెప్పలేదు. చెబితే ఆ పేరు ఏమైపోతుందో అనిపించింది. పాటు మొదలైంది, ఇంకా ఉంటే పడవ బురదలో కూరుకుపోద్దని వెనక్కి తిప్పాడు. దిగేటప్పుడు పీతలు కావాలా అని అడిగాడు. తిననన్నాను. ఎగాదిగా చూశాడు, అచ్చం మామ్మ చూపే. గట్టు వెంట నాలుగు గుప్పెళ్లు ఇలకూర కోసుకుని కొంగులో మూటకట్టుకున్నాను.

ఆ రాత్రి కొత్తపేటలో మా అమ్మ వంటింట్లో పప్పు నేనే చేశాను. ఆకు ఉడకబెట్టి, నీళ్లు పారబోసి, పోపు పెట్టి, మాటల్లో పడి అలవాటుగా చెంచాడు ఉప్పు వేసేశాను. ఎవరూ ఒక్క ముద్ద కూడా తినలేకపోయారు.